ఫైర్ స్టేషన్ మూసినా సగటు ఎందుకు కదలదు?

2014 జనవరి 9 ఉదయం 9:30కి లండన్‌లో 10 ఫైర్ స్టేషన్లు ఒకేసారి మూతపడ్డాయి. ఆ నగరంలో రాత్రి డ్యూటీవాళ్ళు దిగి పగటి డ్యూటీవాళ్ళు ఎక్కే వేళ అది. ఆ రోజు దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు లేరు. 1872 నుంచి నడుస్తున్న క్లర్కెన్‌వెల్ స్టేషన్ కూడా ఆ పదింటిలో ఒకటి. స్టేషన్లతో పాటు 14 ఫైరింజన్లు, 552 ఉద్యోగాలు పోయాయి.

అప్పటి నుంచి రెండు మాటలు వినబడుతూనే ఉన్నాయి. నగరం మొత్తం మీద ఇంజను చేరే సగటు సమయం లక్ష్యం లోపలే ఉందని అధికారులు అంటారు. ఫలానా పేటకి ఇంజను రావడం నిమిషాల లెక్కన ఆలస్యమైందని సిబ్బంది సంఘం, ఆ పేటల జనం అంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం సహజం. కానీ రెండూ నిజమే. ఎలాగో తెలియాలంటే ముందు ఒక ఇంజను రోడ్డు మీదికి రావడానికి ఎంతమంది కావాలో చూడాలి.

ఒక సీటుకి ఐదుగురు ఎందుకు

నీళ్ళ ట్యాంకు, పంపు, గొట్టాలు, మామూలు నిచ్చెన, శ్వాస పరికరాలు ఉన్న బండిని అక్కడి సిబ్బంది ‘పంప్’ అంటారు. వార్తల్లో ఫైరింజను అంటే చాలావరకు ఇదే. ఎత్తయిన భవనాలకి వాడే పొడవాటి నిచ్చెన బండ్లు వేరే లెక్క.

లండన్‌లో ప్రతి స్టేషన్ సిబ్బందీ నాలుగు బృందాలుగా ఉంటారు: రెడ్, వైట్, బ్లూ, గ్రీన్ వాచ్‌లు. 2011 నుంచి ఒక్కో వాచ్ రెండు పగళ్ళు పదిన్నర గంటల చొప్పున, రెండు రాత్రులు పదమూడున్నర గంటల చొప్పున పనిచేసి, ఆపై నాలుగు రోజులు సెలవు తీసుకుంటుంది. 8 రోజుల చక్రంలో 48 గంటలు, అంటే వారానికి 42.

వారానికి 168 గంటలు. బండిలో ఒక సీటు ఎప్పుడూ నిండి ఉండాలంటే 168ని 42తో భాగిస్తే నలుగురు కావాలి. ఆ నలుగురూ ఏడాది పొడవునా రారు కదా. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపి ఐదో వంతు సమయం పోతుందనుకుంటే, సీటుకి ఐదుగురు తేలతారు. బండిలో ఐదు సీట్లుంటే 25 మంది.

ఈ గుణకారంలోనే కోతల రహస్యమంతా ఉంది. బండికి ఐదుగురి బదులు నలుగురు చాలని నిర్ణయిస్తే ఒక్కో బండికి 5 ఉద్యోగాలు మిగులుతాయి. 100 బండ్లున్న నగరంలో అది 500. ఏ స్టేషనూ మూయక్కర్లేదు, తాళం వేసిన గేటు ముందు ఎవరూ ధర్నాకి కూర్చోరు, పేపర్లో ఫొటో రాదు. స్టేషన్ మూసివేతల మీద జరిగినంత రాద్ధాంతం సీట్ల మీద జరగకపోవడానికి కారణం కంటికి కనబడకపోవడమే అనిపిస్తుంది.

ఐదో మనిషి చేసే పని

ఇల్లు అంటుకుంది, లోపల మనిషి ఉన్నాడనుకుందాం. శ్వాస పరికరాలు తగిలించుకుని లోపలికి వెళ్ళేది ఇద్దరు, ఎప్పుడూ జంటగానే. పంపు దగ్గర ఒకరు ఉండి నీటి ఒత్తిడి చూసుకోవాలి. మొత్తం పరిస్థితి చూసి నిర్ణయాలు తీసుకునే అధికారి ఒకరు. ఐదో మనిషి ప్రవేశ నియంత్రణ బోర్డు పట్టుకుంటాడు. లోపలికి వెళ్ళినవాళ్ళ పేర్లు, సిలిండర్లో గాలి ఒత్తిడి, వెళ్ళిన సమయం, ఎన్ని గంటలకి బయటికి రావాలి అన్నవి అతని బోర్డు మీద ఉంటాయి.

నలుగురే ఉంటే ఆ బోర్డు అధికారి చేతికో, పంపు మనిషి చేతికో వస్తుంది. పంపు మనిషికి అప్పటికే ఇంకో పని ఉంది. బండి ట్యాంకులో సాధారణంగా 1,400 నుంచి 1,800 లీటర్ల దాకా నీళ్ళుంటాయి. నిమిషానికి 100 లీటర్లు పోసే సన్నని రీలు గొట్టం వాడితే పావుగంట వస్తాయి. మంట పెద్దదై నిమిషానికి 450 లీటర్లు పోసే గొట్టం విప్పితే మూడు నాలుగు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఆ లోపల వీధిలోని హైడ్రెంట్ వెతికి, మూత తీసి, గొట్టం కలిపి రావాలి. బోర్డు వదిలేసి వెళ్తే లోపలివాళ్ళ లెక్క చూసేవాడు ఉండడు.

రెండో ఇంజను ఎంత త్వరగా వస్తుందన్నది మొదటి ఇంజనంత ముఖ్యమని సిబ్బంది అనేది అందుకే. లోపలికి వెళ్ళిన జంటకి ఏదైనా అయితే వాళ్ళని బయటికి తీసే రెండో జంట ఆ బండిలోనే వస్తుంది. లండన్ లక్ష్యం కూడా రెండు అంకెల్లో ఉంటుంది: మొదటి ఇంజను సగటున 6 నిమిషాల్లో, రెండోది 8 నిమిషాల్లో.

కోత పడే దారులు

స్టేషన్ మూయడం ఒక దారి మాత్రమే. రెండు బండ్లున్న స్టేషన్లో ఒకటి తీసేయడం, సీట్లు తగ్గించడం, ఒకే బృందం పిలుపుని బట్టి రెండు రకాల బండ్లలో ఏదో ఒకటి తీయడం, పగలు మాత్రమే సిబ్బందిని స్టేషన్లో ఉంచి రాత్రి ఇళ్ళ నుంచి పిలిపించడం, రిటైరైనవారి పోస్టులు నింపకపోవడం, పక్క జిల్లాల సర్వీసులని కలిపేయడం. బ్రిటన్‌లో ఇవన్నీ జరిగాయి. స్కాట్లండ్ అయితే 2013 ఏప్రిల్ 1న తన 8 సర్వీసులనీ కలిపి ఒక్కటి చేసింది.

వీటిలో పొదుపు ఎక్కువ చూపించేది పూర్తికాల సిబ్బంది బదులు పిలుపు మీద వచ్చేవాళ్ళని పెట్టడం. వాళ్ళు ఊళ్ళో తమ పని చేసుకుంటూ, పేజర్ మోగగానే దాదాపు 5 నిమిషాల్లో స్టేషన్‌కి చేరాలి. చేరాకే బండి కదులుతుంది. పల్లెల్లో ఇది దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతే. చిక్కంతా పగటి పూట. కొలువులు పక్క పట్నంలో ఉన్నవాళ్ళు ఊళ్ళో ఉండరు, నలుగురు పోగవకపోతే బండి కదలదు. కాగితం మీద ఉన్న ఇంజను ఆ మధ్యాహ్నం లేనట్టే. లండన్‌లో ఈ పద్ధతి లేదు, అక్కడ అందరూ పూర్తికాలమే.

2004లో మారిన నిబంధన

ఇన్ని దారులు తెరుచుకోవడానికి మూలం ఒక చట్టంలో ఉంది. అంతకుముందు బ్రిటన్ అంతటికీ ఒకే కొలత ఉండేది. ప్రాంతాలని ఏ, బీ, సీ, డీ అని విభజించారు. నగరం నడిబొడ్డు లాంటి ‘ఏ’ ప్రాంతానికి 5 నిమిషాల్లో రెండు ఇంజన్లు, 8 నిమిషాల్లో మూడోది చేరాలి. ‘బీ’కి 5 నిమిషాల్లో ఒకటి, 8లో ఇంకొకటి. ‘సీ’కి 8 నుంచి 10 నిమిషాల్లో ఒకటి. పల్లెటూళ్ళ ‘డీ’కి 20 నిమిషాల్లో ఒకటి.

ఈ కొలతలో లోపం ఉంది. అది భవనాలని చూసింది, మనుషులని కాదు. రాత్రి పూట ఖాళీగా ఉండే వ్యాపార వీధులకి ఇంజన్లు గుంపుగా ఉండేవి. నిజంగా మనుషులు చనిపోయేది ఇళ్ళల్లో, నిద్రలో. ఆ పేటలు చాలావరకు ‘సీ’లో ఉండేవి. 2002-03 ఫైర్ సిబ్బంది సమ్మె నడుమ ప్రభుత్వం కోసం సర్ జార్జ్ బెయిన్ రాసిన నివేదిక ఈ మాటే ఎత్తి చూపింది. 2004 చట్టంతో పాటు జాతీయ కొలత పోయింది. ఎవరి ప్రాంతంలో ప్రమాదం ఎంతో వాళ్ళే అంచనా కట్టి, వాళ్ళే ప్రణాళిక వేసుకోవాలన్న పద్ధతి వచ్చింది.

ఆలోచనగా చూస్తే ఇది మెరుగే. దాని రెండో ముఖం 2010 తర్వాత బయటపడింది. ఇంగ్లండ్‌లో స్వతంత్ర ఫైర్ అథారిటీలకి (స్థానిక ఫైర్ సర్వీసులని నడిపే సంస్థలకి) కేంద్రం ఇచ్చే నిధులు 2010-11 నుంచి 2015-16 మధ్య ధరల పెరుగుదల తీసేశాక 28 శాతం తగ్గాయని జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. పాత కొలత ఉండి ఉంటే, డబ్బు లేదని 5 నిమిషాలని 7 చేయడానికి దేశమంతటికీ నిబంధన మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు స్థానిక ప్రణాళికలో లక్ష్యం మార్చుకుంటే సరిపోతుంది.

వర్గమూలం దాచే నిమిషాలు

ఇక సగటు సంగతి. 1970లలో న్యూయార్క్ ఫైర్ విభాగం కోసం పనిచేసిన న్యూయార్క్ సిటీ ర్యాండ్ సంస్థ పరిశోధకులు ఒక సూత్రం తేల్చారు. నగరంలో బండి ప్రయాణించే సగటు దూరం, స్టేషన్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా మారుతుంది. స్టేషన్లు నాలుగో వంతుకి పడిపోతే దూరం నాలుగింతలు కాదు, రెండింతలే అవుతుంది.

దీన్ని లండన్‌కి వేసి చూద్దాం. నది మీది స్టేషన్ వదిలేస్తే అక్కడ 112 స్టేషన్లుండేవి, 102 అయ్యాయి. 112ని 102తో భాగించి వర్గమూలం తీస్తే 1.048. అంటే సగటు దూరం 5 శాతం కన్నా తక్కువే పెరుగుతుంది. బండి స్టేషన్ నుంచి కదిలాక చేరడానికి 4 నిమిషాలు పడుతుందనుకుంటే, పెరిగేది 11, 12 సెకన్లు. 6 నిమిషాల లక్ష్యం ముందు ఇది లెక్కలోకి రాదు.

ఇప్పుడు అదే 11 సెకన్లని విడదీద్దాం. మూతపడిన 10 స్టేషన్ల పరిధిలో నగర జనాభాలో సుమారు 9 శాతం ఉన్నారనుకోండి. వాళ్ళకి ఒక్కొక్కరికీ 2 నిమిషాలు ఆలస్యమైతే, 120 సెకన్లలో 9 శాతం 10.8 సెకన్లు. మిగతా 91 శాతానికి సున్నా. నగరం మొత్తం మీద 11 సెకన్లు అన్నా, తొమ్మిది శాతం మందికి రెండు నిమిషాలు అన్నా ఒకే కూడిక. ఆ తొమ్మిది శాతంలోనూ తేడాలుంటాయి: పాత స్టేషన్‌కి కిలోమీటరు దూరంలో ఉండి, కొత్త దగ్గరి స్టేషన్‌కి 3 కిలోమీటర్ల దూరంలో పడిన ఇంటికి, బండి గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వస్తే, 2 నిమిషాలు పట్టేది 6 అవుతుంది.

ఈ లెక్కలు విషయం అర్థం కావడానికి వేసినవి, లండన్ నమోదు చేసిన సమయాలు కావు. ఎవరో మోసం చేశారనీ దీని అర్థం కాదు. కోతకి ముందు లండన్ బ్రిగేడ్, అంటే ఆ నగర ఫైర్ సర్వీసు, వార్డుల వారీగా అంచనా సమయాలు ప్రచురించింది, కొన్ని వార్డుల్లో పెరుగుతాయని అందులోనే ఉంది. 

నిప్పు తగ్గింది, సిబ్బంది ఎందుకు?

కోతల వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. ప్రభుత్వం కోసం సర్ కెన్ నైట్ 2013లో రాసిన సమీక్ష ప్రకారం ఇంగ్లండ్‌లో పదేళ్ళలో అగ్నిమాపక సర్వీసులు హాజరయ్యే ఘటనలు 40 శాతం తగ్గాయి. ఖర్చు, సిబ్బంది సంఖ్య దాదాపు అలాగే ఉన్నాయి. ఇళ్ళల్లో పొగ అలారాలు పెరిగాయి, సిగరెట్ తాగేవాళ్ళు తగ్గారు, తేలిగ్గా అంటుకోని సోఫాలూ పరుపులే అమ్మాలన్న 1988 నిబంధనలు పాత సామాను పోయేకొద్దీ పనిచేశాయి. ప్రజల డబ్బుకి లెక్క చెప్పాల్సినవాడు ఈ అంకెలు చూసి ప్రశ్నించకపోతేనే తప్పు.

ఎదుటి వాదన ఇది. మంటల సంఖ్య పని ఎంత ఉందో చెబుతుంది, స్టేషన్ల సంఖ్య దూరం ఎంతో చెబుతుంది. రోజుకి రెండు పిలుపులు, ఒక్కోటి గంట అనుకుంటే ఆ బండి 24 గంటల్లో 2 గంటలు, అంటే 8 శాతం సమయమే బయట ఉంటుంది. పిలుపులు సగమైతే 4 శాతం. కాగితం మీద అది ఖాళీగా కూర్చున్న బండి. కానీ పిలుపులు సగమయ్యాయని మిగిలిన సగం ఇళ్ళు స్టేషన్‌కి దగ్గర జరగవు. పైగా ఆ ఖాళీ అనిపించే గంటల్లోనే సిబ్బంది ఇళ్ళకి వెళ్ళి పొగ అలారాలు బిగిస్తారు, ఎత్తయిన భవనాల మెట్లూ నీటి గొట్టాలూ చూసి వస్తారు, శ్వాస పరికరాలతో సాధన చేస్తారు. మంటలు తగ్గడానికి దోహదం చేసిన పనిలో కొంత వాళ్ళదే. అందులో వాళ్ళ వాటా ఎంత, అలారం తయారుచేసినవాడి వాటా ఎంత అన్నది ఇప్పటికీ తేలని తగువు.

తేలిన విషయం ఒకటుంది. స్టేషన్ మూసివేతలని ఆపాలని 7 లండన్ బరోలు (నగరంలోని స్థానిక పాలక మండళ్ళు) వేసిన కేసుని 2013 డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. అంతకుముందు ఫైర్ అథారిటీ సభ్యులే ప్రణాళికకి ఒప్పుకోకపోతే, మేయర్ బోరిస్ జాన్సన్ తన అధికారంతో ఆదేశం ఇచ్చి ముందుకు నడిపించారు.

తాత్కాలికంగా తీసిన 13 ఇంజన్లు

ఈ వ్యవహారమంతటిలో ఆగి చూడాల్సిన ఘట్టం ఇది. పింఛను గొడవ మీద సమ్మెలు రాబోతున్నాయని 2013 ఆగస్టులో లండన్ బ్రిగేడ్ 13 ఇంజన్లని స్టేషన్ల నుంచి తీసి పక్కన పెట్టింది. సమ్మె రోజుల్లో ప్రత్యామ్నాయ సిబ్బంది వాటిని నడపాలి. సమ్మెలు సాగాయి, బండ్లు స్టేషన్లకి తిరిగి రాలేదు. రెండేళ్ళు దాటాక బడ్జెట్ వేళ వచ్చింది. ఆ 13 లేకుండానే సగటు లక్ష్యం చేరుకుంటున్నామని అప్పటికి చేతిలో అంకెలున్నాయి. వాటిని వేరే పద్ధతిలో నిలుపుకుందామని అథారిటీ ఓటు వేసినా, 2016 మొదట్లో మేయర్ ఆదేశంతో అవి శాశ్వతంగా పోయాయి. 169 ఇంజన్లు 2014లో 155 అయ్యాయి, ఇప్పుడు 142 మిగిలాయి.

తాత్కాలిక ఏర్పాటు తన శాశ్వతత్వానికి తానే రుజువులు పోగేసుకున్న తీరు ఇది. ఏ శాఖలోనైనా జరిగేదే, కానీ ఇంత స్పష్టంగా కనబడేది అరుదు.

గ్రెన్‌ఫెల్ దేనికి సాక్ష్యం, దేనికి కాదు

2017 జూన్ 14న లండన్‌లోని ఎత్తయిన నివాస భవనం గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. కోతల వల్లే ఇలా అయిందన్న మాట మర్నాటికే మొదలైంది. 2014లో మూసిన నైట్స్‌బ్రిడ్జ్ స్టేషన్ అదే బరోలోది కావడంతో ఆ మాట ఇంకా వ్యాపించింది.

కాలక్రమం మాత్రం వేరే చెబుతుంది. రాత్రి 12:54కి మొదటి పిలుపు వచ్చింది. నార్త్ కెన్సింగ్టన్ స్టేషన్ బండి దాదాపు 5 నిమిషాల్లో అక్కడుంది. ఆలస్యం మొదటి ఇంజనుది కాదు. భవనం బయటి తొడుగు నిప్పుని పైకి పాకించింది. ఎవరి ఫ్లాట్‌లో వాళ్ళు ఉండండన్న సలహాని 2:47 దాకా ఉపసంహరించలేదు. దాన్ని గంట ముందే మార్చి ఉండాల్సిందని విచారణ సంఘం 2019 నివేదిక తేల్చింది. మొత్తం భవనాన్ని ఖాళీ చేయించడంలో అధికారులకి శిక్షణ లేదనీ చెప్పింది. ఎత్తయిన భవనాలకి మొదటి విడతలో పంపే బండ్ల జాబితాలో పొడవాటి నిచ్చెన బండి అప్పటికి లేదు, తర్వాత చేర్చారు.

కాబట్టి స్టేషన్ల లెక్కకి గ్రెన్‌ఫెల్ సరైన ఉదాహరణ కాదు. శిక్షణ, భవనాల తనిఖీ, కంట్రోల్ రూమ్ లాంటివి కుంగితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం అదే ఉదాహరణ. బండి చేరిన సమయాలు నిమిషాల్లో నమోదవుతాయి. తగ్గిన శిక్షణ గంటలు ఆ అంకెల్లో ఎక్కడా కనబడవు.

కంట్రోల్ రూమ్‌ల విలీనం: తగ్గిద్దామని పోతే

తగ్గించడం ఎప్పుడూ పొదుపు కాదనడానికి ఇంగ్లండ్‌లోనే పెద్ద దాఖలా ఉంది. 2004లో మొదలైన ‘ఫైర్‌కంట్రోల్’ పథకం 46 స్థానిక కంట్రోల్ రూమ్‌లని 9 ప్రాంతీయ కేంద్రాలుగా మార్చాలనుకుంది. భవనాలు ముందు కట్టేశారు. వాటిలో నడవాల్సిన కంప్యూటర్ వ్యవస్థ మాత్రం తయారు కాలేదు. ఒక్కో సర్వీసుకి పిలుపు తీసుకునే తీరు, బండ్ల పేర్లు, పంపే నియమాలు వేరు వేరు; వాటిని ఒక్కటి చేయకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటి కాదు. ఒక్కటి చేయమని ఆదేశించే అధికారం పథకం నడిపేవాళ్ళకి లేదు. 2010 డిసెంబరులో రద్దు చేశారు. కనీసం 46 కోట్ల 90 లక్షల పౌండ్లు వృథా అయ్యాయని ఆడిట్ లెక్క. ఖాళీ భవనాలకి అద్దె ఆ తర్వాతా కడుతూనే వచ్చారు.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే లెక్క ఎలా పడుతుంది

ముంబయిలో ఫైర్ బ్రిగేడ్ నగర పాలక సంస్థది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది రాష్ట్ర శాఖ. 2014 విభజనతో ఒకటి రెండయింది. హైదరాబాద్‌లో 2024 జూలైలో హైడ్రా ఏర్పడటంతో విపత్తు స్పందన పనులు ఇంకోసారి చేతులు మారాయి. ఇక్కడ జరుగుతున్నది మార్పే గానీ లండన్ తరహా కోత కాదు. స్టేషన్లు పెంచాలన్నదే ఇక్కడి ప్రధాన డిమాండ్.

అయినా సీటుకి ఎంతమంది అన్న గుణకారం ఇక్కడా మారదు, షిఫ్టుల పద్ధతిని బట్టి అంకె మారుతుందంతే. ఒక స్టేషన్‌కి 20 మంది మంజూరై 14 మందే ఉన్నారనుకోండి. సెలవులు, శిక్షణ, ఎన్నికల బందోబస్తు, జాతరల డ్యూటీ ఐదో వంతు తింటే చేతిలో ఉండేది 11 మంది. రెండు షిఫ్టులకి పంచితే ఒక షిఫ్టుకి ఐదుగురు, ఇంకోదానికి ఆరుగురు. అందులోంచి డ్రైవరు, ఫోన్ దగ్గర కూర్చునే మనిషి పోతే గొట్టం పట్టుకునేవాళ్ళు ముగ్గురో నలుగురో. ఎవరూ ఏ స్టేషనూ మూయలేదు, ఏ జీవోలోనూ కోత అన్న మాట లేదు. శాఖ జాబితాలో మాత్రం ఆ స్టేషన్ 20 మందితో, ఒక ఇంజనుతో, పూర్తి బలంతో పనిచేస్తున్నట్టే ఉంటుంది.